రెండూ కలిపితే పోయేది మరక కాదు, మన ఊపిరి

(పారిశుద్ధ్య పనివాళ్ల కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము బ్లీచింగ్ పౌడరు గురించీ, యాసిడ్ గురించీ మాట్లాడటానికి వచ్చాం. ఇదేం ఉపన్యాసం అని నవ్వుకుంటున్నారేమో. నవ్వండి, కానీ వినండి. ఈ రెండూ మన ఇళ్లలో కన్నా మనం పనికి పోయే ఇళ్లలో, హాస్టళ్లలో, ఆస్పత్రుల్లో, బస్టాండుల్లో ఎక్కువుంటాయి. కొనేది వాళ్లు. చేత్తో ముట్టేది మనం. డబ్బా మీద ఏం రాసుందో మనకి చదివి చెప్పే నాథుడు లేడు.

మా గూడెం అక్క ఒకామె ఒక హాస్టల్లో దొడ్లు కడుగుతుంది. ఒకరోజు అక్కడి పెద్దమనిషి "మరక పోలేదు, రెండూ కలిపి కొట్టు" అన్నాడు. అని, తలుపు బయట నిలబడ్డాడు. అక్క లోపల గొంతుక్కూచుని రుద్దుతోంది. కాసేపటికే కళ్లు మండినాయి, దగ్గు ఆగలేదు, గోడ పట్టుకుని బయటపడింది. "యాసిడ్ ఘాటు, అలవాటైపోద్దిలే" అన్నాడాయన. అలవాటైతే తగ్గే సంగతి కాదిది.

బ్లీచింగ్ పౌడర్లో క్లోరిన్ అనే మందు బిగించి ఉంటది. మంచినీళ్ల ట్యాంకులో కొలత ప్రకారం వేస్తే క్రిముల్ని చంపేది అదే. దాని మీద యాసిడ్ పడిందా, కట్టు తెగిన గొడ్డులా ఆ క్లోరిన్ గాలిలోకి లేస్తది. అది విషగాలి. ఊపిరితిత్తుల తడి తగిలితే అక్కడ యాసిడ్‌గా మారి లోపలే కాలుస్తది. 1915 ఏప్రిల్లో బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మనీ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ గాలినే. మన దేశం నుంచి తోలుకుపోయిన సిపాయిలు కూడా ఆ పోరులో దీని పాలబడ్డారు. యుద్ధంలో వాడిన విషం, మన బక్కెట్లో పుడుతోంది.

ఇంకో మాట. ఈ గాలి మామూలు గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేలబారున పాకుతది. తలుపు దగ్గర నిలబడ్డ దొర ముక్కుకి చేరేలోపు కింద కూర్చుని రుద్దే మనిషి ముక్కుకి చేరుతది. "నాకేం వాసన రాలేదే" అని ఆయనంటే అబద్ధం కాకపోవచ్చు. ఆయన నిలబడ్డాడు, మనం కూర్చున్నాం, అంతే తేడా!

పోనీ, కలిపితే బాగా శుభ్రమవుద్దా? కాదు. యాసిడ్ పని గార కరిగించడం. బ్లీచింగ్ పని క్రిముల్ని చంపడం. కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి. క్రిముల్ని చంపాల్సిన క్లోరిన్ గాలిలో కలుస్తది, యాసిడ్ సత్తువా పోతది. కాబట్టి "కలిపితే డబుల్ పవర్" అన్నవాడికి ఈ ముక్క చెప్పండి. మన ప్రాణం సంగతి వినకపోయినా మరక సంగతైతే వింటాడు.

యాసిడ్ అంటే గాజు సీసాలోదే అనుకోవద్దు. హార్పిక్ లాంటి దొడ్లు కడిగే సీసాల్లో ఉండేదీ యాసిడే. నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా ఆ జాతే. ఇటుపక్క తెల్లబట్టల మచ్చలు తీసే బ్లీచింగ్ నీళ్లు పౌడరు జాతే. ఈ జాతిదీ ఆ జాతిదీ కలవకూడదు. మూత్రం నిలవున్న చోట అమ్మోనియా ఉంటది, ముక్కు పగిలే వాసన అదే. దాని మీద నేరుగా బ్లీచింగ్ చల్లినా వేరే చెడుగాలి పుడతది. ముందు నీళ్లు దండిగా కొట్టండి, తర్వాత పౌడరు. యాసిడ్ ఒకరోజు, బ్లీచింగ్ ఇంకోరోజు. ఒకే రోజు తప్పదంటే మధ్యలో బాగా కడిగేసి, నీళ్లన్నీ పోయాకనే రెండోది. కిటికీ, తలుపు తీసే ఉంచాలి. పౌడర్ని చన్నీళ్లలోనే కలపాలి, వేన్నీళ్లలో కాదు. ముక్కుకి కట్టిన గుడ్డ ఈ గాలిని ఆపదు.

పొరపాటున కలిసిందా? బక్కెట్టు సర్దుతూ, నీళ్లు పోస్తూ నిలబడొద్దు. ఉన్నపళాన బయటికి, గాలి వచ్చే వైపుకి పోండి. మందు చిందిన బట్టలు తీసేయండి. కళ్లు పావుగంట పాటు మంచినీళ్లతో కడగండి. దగ్గు, ఆయాసం ఉంటే ఆస్పత్రికి పోయి ఏది, ఏది కలిసిందో పేరు చెప్పండి. ఒక్కోసారి ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలవుద్ది. "బాగానే ఉందిగా" అని ఆ రాత్రి ఒంటరిగా పడుకోవద్దు.

ఈ జాతి మందుని మనుషుల మీదే కొట్టిన రోజులూ చూశాం. 2020 మార్చిలో బరేలీలో, ఊళ్లకు తిరిగొచ్చిన కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి, బస్సులు కడిగే మందునీళ్లు వాళ్ల నెత్తిన కొట్టారు. మనుషుల మీద కొట్టకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ తర్వాత చెప్పాల్సి వచ్చింది.

ఇక "రెండూ కలుపు" అంటే "కలపం" అనాలి. ఒక్కతే అంటే పని పోద్ది, తెలుసు. అందుకే ఒకచోట చేసేవాళ్లంతా కలిసి పోయి చెప్పండి. రబ్బరు తొడుగులు, బూట్లు అడగండి. మందు తాగేనీళ్ల సీసాల్లో పోసిస్తే తీసుకోవద్దు, పిల్లలు తాగేస్తారు. కంపెనీ డబ్బాలోనే ఇమ్మనండి.

చదువు రాని అమ్మలకి ఒక గుర్తు అనుకున్నాం. యాసిడ్ జాతి సీసాకి ఎర్రగుడ్డ, బ్లీచింగ్ జాతి డబ్బాకి తెల్లగుడ్డ. పీలికలు చించి ఆ బల్ల మీద పెట్టాం. పోయేటప్పుడు ఎవరి పనిచోటుకి ఎన్ని కావాలో అన్ని తీసుకుపోండి.