కొండమీద చుక్కల ముచ్చట

 

ఇవాళ మీకు ఒక ప్రయాణం ముచ్చట చెప్తాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో మన పిల్లలను తీసుకొని కావలూరు వెళ్ళి వచ్చాం. వరంగల్‌లో రైలెక్కి చెన్నై చేరాం. అక్కడ బండి మారి వాణియంబాడిలో దిగాం. తరువాత బస్సులో కొండెక్కాం. కావలూరు తమిళనాడులో, జవ్వాది కొండల్లో ఉంది. చుట్టూ అడవి. చుక్కలను పరిశీలించే వేధశాల అక్కడ ఉంది.

వేధశాలను కొండమీదే ఎందుకు కట్టారు? మన ఊళ్ళో కరెంటు పోయిన రాత్రి ఆకాశం చూడండి. చుక్కలు ఎక్కువ కనబడతాయి. దీపాల వెలుగు, పొగ, దుమ్ము చుక్కలకు అడ్డం. కొండమీద ఆ అడ్డం తక్కువ. లడఖ్‌లోని హాన్లే వేధశాల ఇంకా ఎత్తున ఉంది. సుమారు 4,500 మీటర్లు! అక్కడ గాలి పలచన, తేమ తక్కువ.

కావలూరులో పెద్ద టెలిస్కోపు ఉంది. దాని అద్దం వెడల్పు 234 సెంటీమీటర్లు. మన నులక మంచం పొడవుకన్నా ఎక్కువ. దానిని మన దేశంలోనే తయారుచేశారు. 1986లో దానికి వేణు బప్పు గారి పేరు పెట్టారు.

ఎవరీ బప్పు? ఆయన తండ్రి హైదరాబాద్‌లోని నిజామియా వేధశాలలో పనిచేశారు. బప్పు గారు హైదరాబాద్‌లోనే చదువుకున్నారు. పై చదువుకు అమెరికా వెళ్ళారు. 1949లో అక్కడ ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టారు. తరువాత కావలూరు స్థలాన్ని ఎంచింది కూడా ఆయనే. పెద్ద టెలిస్కోపు పూర్తికాకముందే, 1982లో చనిపోయారు.

మా పిల్లలు చిన్న టెలిస్కోపులో పిల్లలకోడిని చూశారు. మామూలు కంటికి ఆరేడు చుక్కలే కదా! అందులో ఎన్నో కనబడ్డాయి. "టీచర్, మా అమ్మమ్మ చూపించే కోడి ఇదే!" అని ఒక అమ్మాయి అరిచింది. ఆ అమ్మమ్మ ఇక్కడే కూర్చుంది. ఆ బిడ్డకు మొదటి పాఠం చెప్పింది ఆమే.

ఒక్క మాట చెప్పాలి. 8 మంది ఆడపిల్లలు పేర్లు ఇచ్చారు. వచ్చింది ముగ్గురే. "రాత్రిపూట ఆడపిల్ల కొండలకు పోవుడేంది?" అన్నారు ఇళ్ళల్లో. మీ భయం తప్పని నేను అనను. కాని చుక్కలు కనబడేది రాత్రే కదా! రాత్రి గడప దాటనివ్వకపోతే బప్పు గారికి ఆ తోకచుక్క దొరికేదా?

వచ్చే సంక్రాంతికి మళ్ళీ వెళ్తాం. ఇద్దరు పంతులమ్మలం వెంట ఉంటాం. ఏ రైలు, ఎక్కడ పడక, ఎప్పుడు తిరిగి రాక, అన్నీ కాగితం మీద రాసి ఇస్తాం. పోయినసారి ఆ కాగితాన్ని మీకు వేరేవాళ్ళు చదివి చెప్పారు. ఈసారి మీరే చదవండి. అనుమానం ఉంటే నిలదీసి అడగండి. నచ్చితేనే సంతకం చేయండి.

ఇప్పుడు ఇంటికి పోతూ తలెత్తి పిల్లలకోడిని చూడండి. పక్కన మీ బిడ్డను కూడా నిలబెట్టుకోండి.

సెలవు.