మహాయుధము చేతికి వచ్చు వేళ

బల్ల చుట్టును నలుగురైదుగురు కూర్చుండి, పాచికలు వేయుచు, మాటలతోనే ఒక వీరకథను నడుపుకొను క్రీడ యొకటి కలదు. ఒకరు కథానిర్వాహకులు, తక్కినవారు తలకొక వీరుని పాత్ర వహింతురు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారి పేర వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ జాతి క్రీడలకు దారి తీసినది. ఒక్కొక్క కథ నెలల తరబడి, సంవత్సరముల తరబడి సాగును. అందు నిర్వాహకునకు ఎదురగు చిక్కు ప్రశ్న యిది: వీరుని పేరుతో పెనవేసికొని నిలువదగిన మహాయుధమును అతని చేతికి ఎప్పుడు ఈయవలెను?

తొందరపాటు వలన కలుగు నష్టమును లెక్కయే చెప్పును. ఆ ఆటలో దెబ్బ తగులుటయు, తప్పుటయు 20 ముఖముల పాచికపై ఆధారపడి యుండును. 11 గాని అంతకు మించి గాని పడవలసిన చోట 20 అవకాశములలో 10 మనవి. ఖడ్గమునకు 3 అధికబలము చేర్చినచో 8 పడినను చాలును; మన అవకాశములు 13 అగును. 2014 నాటి అయిదవ కూర్పులో వీరుని నైపుణ్యమునకు కలుపు అంకె మొదటి స్థాయిలో 2, ఇరువదవ స్థాయిలో 6. అనగా కథ పొడవునను సాధన వలన పెరుగునది 4 మాత్రమే. అట్టియెడ 3 బలము గల ఖడ్గమును తొలినాడే ఇచ్చివేసినచో సాధనకు విలువ యేమి మిగులును?

నష్టము అంతటితో ఆగదు. ఆ ఖడ్గమునకు తగినట్లు నిర్వాహకుడు రాక్షసుల బలమును పెంచును. ఖడ్గము లేని తక్కిన మువ్వురు ఆ రాక్షసుల ముందు నిలువజాలరు. ఒకరి వేడుక కొరకు మువ్వురు ప్రేక్షకులగుదురు. స్నేహితుల కూటము చెదరుటకు ఇంతకన్న కారణము అక్కరలేదు. కాబట్టియే ఆ కూర్పు నిర్వాహక గ్రంథము అరుదైన వస్తువులకు 5వ స్థాయిని, మిక్కిలి అరుదైనవానికి 11వ స్థాయిని, పురాణప్రసిద్ధములకు 17వ స్థాయిని తగిన వేళగా సూచించినది.

అయినను ఆలస్యము కూడ దోషమే. ఉద్యోగములు, బదిలీలు, పిల్లల పరీక్షలు కూటమును నడుమనే విడదీయుట సామాన్యము. చివరి అంకమునకై దాచిన ధనుస్సు దాచినట్లే ఉండిపోవును. దానికై వేచిన ఆటగాని ఆశ తీరదు.

మన ఇతిహాసము ఇందుకొక దారి చూపుచున్నది. అర్జునునకు గాండీవము ఖాండవ దహన వేళనే లభించినది. పాశుపతము మాత్రము వనవాసమున తపస్సు చేసి, కిరాతరూపుడగు శివునితో పోరిన పిమ్మటనే లభించినది. విల్లు ముందు వచ్చినది. దాని మహిమకు మహిమ తోడగుట తరువాతి మాట. 1993లో వెలువడిన ‘ఎర్త్‌డాన్’ అను క్రీడలో ఆయుధపు పూర్వచరిత్రను తెలిసికొన్నకొలది దాని శక్తి వీరునకు వశమగును. 2020 నాటి ‘వైల్డ్‌మౌంట్’ గ్రంథములోని కొన్ని ఆయుధములు నిద్రాణము, జాగృతము, ఉన్నతము అను మూడు దశలలో ఎదుగును.

కావున మేము చెప్పునది యిది. ఆయుధమును తొలి భాగముననే ఈయుడు. శక్తిని విడతలుగా ఈయుడు. ప్రతి విడతకును ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఇందుకు తగిన పని వీరుడు చేసెనా? తక్కినవారికిని తమదని చెప్పుకొన దగినది యేదైన దక్కెనా? ఈ శక్తిని వినియోగించుటకు చాలినంత కథ మిగిలియున్నదా? మూడింటికిని ఔనని సమాధానము వచ్చిన దినమే సుముహూర్తము.

ఒకవేళ ఇచ్చినది ఎక్కువయ్యెనని తోచినచో, కథలో దొంగను ప్రవేశపెట్టి అపహరింపకుడు. ఆటగానితో ఎదుట కూర్చుండి మాటలాడి సరిదిద్దుకొనుడు. ఖడ్గము కల్పితమే గాని, దానిని పోగొట్టుకొన్నవాని మనఃక్లేశము కల్పితము కాదు.