మందుకూ వడదెబ్బ తగులుతుంది
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా మందుల దుకాణంలో పని చేసినవాణ్ణి. అంతకంటే ముఖ్యంగా, చక్కెర వ్యాధి ఉన్న ఒక పిల్లకు తాతను. ఈ రెండో అర్హత మీదనే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. నేను చేసిన ఒక పొరపాటు చెప్పి, అది మీ ఇళ్ళల్లో జరుగకుండా చూసుకొమ్మని మనవి చేయడానికే వచ్చాను.

షుగర్ అనగానే మనకు యాభై ఏళ్ళ మనిషి, ఉదయపు నడక, మాత్రలు జ్ఞాపకం వస్తాయి. అది ఒక రకం. దానిని రెండో రకం అంటారు. మొదటి రకం వేరు. ఇది ఎక్కువగా పిల్లల్లో, యువకుల్లో బయటపడుతుంది. రోగాలతో పోరాడవలసిన శరీరంలోని రక్షణశక్తే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపివేస్తుంది. తల్లి మిఠాయిలు పెట్టినందువల్లనో, ఎవరి పాపంవల్లనో వచ్చేది కాదు. మాత్రలతో నడిచేదీ కాదు. బ్రతికినన్నాళ్ళూ ఇన్సులిన్ సూది వేసుకోవలసిందే. 1921లో కెనడా దేశంలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవారు ఇన్సులిన్ కనుగొన్నారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవానికి మొదట ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు నెలలలోనో, ఒకటి రెండేళ్ళలోనో కన్నుమూసేవారు. ఆ చిన్న సీసా అంత విలువైనది.

ఇక మన ఎండల సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మన తొర్రూరు చుట్టుపక్కల మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వేయిమందికి పైగా చనిపోయారు. ఆరోగ్యవంతులకే కష్టమైన ఆ ఎండ, మొదటి రకం షుగర్ ఉన్న పిల్లలను రెండు వైపులా లాగుతుంది. ఒక వైపు చక్కెరను ఉన్నట్టుండి పడవేస్తుంది. ఇంకొక వైపు అమాంతం పెంచుతుంది. మా ఇంట్లో ఒకే నెలలో ఈ రెండూ జరిగాయి.

2023 మే నెల. వర్ధన్నపేటలో మా బంధువుల ఇంట నిఖా. అప్పుడు మా మనవరాలికి 11 ఏళ్ళు. తల్లీ కూతుళ్ళు బస్సులో వెళ్ళారు. నేను స్కూటరు మీద వరంగల్ పోయి, ఆమెకు కొత్త ఇన్సులిన్ సీసా కొని, డిక్కీలో పెట్టుకుని పెళ్ళికి చేరుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు "దస్తర్‌ఖాన్ వేస్తున్నారు, పిల్లలను కూర్చోబెట్టండి" అన్నారు. మా అమ్మాయి తన దగ్గర ఉన్న పాత సీసాలోంచి పిల్లకు సూది వేసింది. తరువాత మగపెళ్ళివారు ఇంకా రాలేదన్నారు. ఖాజీగారు దారిలో ఉన్నారన్నారు. మన దావత్‌ల సంగతి మీకు తెలియనిదా? భోజనం మూడింటికి వచ్చింది.

రెండు దాటేసరికి పిల్లకు ఒళ్ళంతా చెమట. చేతులు వణుకు. పిలిస్తే తికమకగా చూస్తున్నది. చుట్టూ ఉన్నవారంతా "వడదెబ్బ, వడదెబ్బ" అన్నారు. ఒకరు విసనకర్ర తెచ్చారు. ఒకరు తడిగుడ్డ తెచ్చారు. మంచినీళ్ళు తాగించారు. అందరిదీ మంచి మనసే. కాని ఆ పిల్లకు అప్పుడు కావలసింది చక్కెర! మా అమ్మాయి వంటవారి దగ్గరకు పరుగెత్తి గుప్పెడు చక్కెర తెచ్చి, నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటలో పిల్ల తేరుకున్నది. మరి ఇంతమందిలో ఎవరికీ ఎందుకు తట్టలేదు? ఎవరికీ తెలియదు గనుక. "రేపు పెళ్ళి కావలసిన పిల్ల, ఎందుకు చాటింపు వేయడం" అని మేమే దాచిపెట్టాము.

ఎండలో ఇలా ఎందుకవుతుందో వినండి. వేడికి చర్మం క్రింది రక్తనాళాలు వెడల్పవుతాయి. అక్కడ వేసిన ఇన్సులిన్ మామూలుకంటే తొందరగా రక్తంలోకి చేరుతుంది. చేరినప్పుడు కడుపులో అన్నం లేకపోతే చక్కెర పడిపోతుంది. పైగా చక్కెర పడిపోయినప్పటి చెమటా, ఎండకు పట్టే చెమటా చూపుకు ఒకటే. కాబట్టి షుగర్ ఉన్న పిల్లకు చెమటతో నీరసం వస్తే ముందు వేలు గుచ్చి పరీక్ష చేయాలి. 70 కంటే తక్కువ ఉంటే, లేక పరీక్ష చేసే వీలే లేకపోతే, మూడు చెంచాల చక్కెరో గ్లూకోజు పొడో నీళ్ళలో ఇవ్వాలి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏదీ పోయరాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

ఇక నా తప్పు. ఆ గాభరాలో కొత్త సీసా సంగతి మరచిపోయాను. మూడు రోజులు స్కూటరు డిక్కీలోనే ఉన్నది. పగలంతా స్కూటరు ఎండలోనే. డిక్కీ మూత తీస్తే పొయ్యి దగ్గర కూర్చున్నట్టు సెగ కొట్టేది. జ్ఞాపకం వచ్చి తీసి చూస్తే మందు నీళ్ళలాగా తేటగానే ఉంది. "ఏమీ కాలేదులే" అనుకుని ఎవరికీ చెప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. ముప్పై ఏళ్ళు మందులమ్మినవాణ్ణి!

పాత సీసా అయిపోయి కొత్తది మొదలుపెట్టాక పిల్లకు చక్కెర 300, 340. తగ్గదే! మామిడిపండ్ల రోజులు. ఇంట్లో బుట్టెడు పండ్లున్నాయి. "దొంగతనంగా తింటున్నావు" అని తల్లి కోప్పడింది. నేనూ కోప్పడ్డాను. "నానా, నేను తినలేదు" అన్నది పిల్ల. మేము నమ్మలేదు. రెండోనాడు ఆమె వాదించడం కూడా మానేసింది. మూడోనాడు వాంతులు, కడుపునొప్పి. వరంగల్ తీసుకుపోయాము. డాక్టరుగారు పిల్లను ఏమి తిన్నావని అడుగలేదు. నా వైపు తిరిగి "మందు ఎక్కడ పెట్టారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

సోదరులారా, ఇన్సులిన్ మాంసకృత్తు. గుడ్డు ఉడికితే మళ్ళీ పచ్చిది కానట్టే, ఎక్కువ వేడికి చెడిన ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టినా బాగుపడదు. పాలలాగా ఉండే రకంలో గడ్డలు కనిపిస్తే, తేటగా ఉండే రకం మసకబారితే పారవేయాలని అందరూ చెబుతారు. కాని బలం తగ్గిన మందు కంటికి మామూలుగానే కనిపించవచ్చు. మందు మారిన తరువాత కారణం లేకుండా చక్కెర పెరుగుతుంటే, పిల్లను అనుమానించకముందు సీసాను అనుమానించండి.

ఎండ చక్కెరను పెంచే దారి ఇంకొకటున్నది. చెమటతో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో చక్కెర చిక్కబడుతుంది. ఆ చక్కెరను బయటికి పంపడానికి మూత్రం ఎక్కువవుతుంది. దానితో నీరు ఇంకా తగ్గుతుంది. ఒక చక్రంలాగా తిరుగుతుంది. ఆ దాహానికి చెరకు రసమో, షర్బతో, కూల్‌డ్రింకో తాగితే చక్రం ఇంకా వేగమవుతుంది. మంచినీళ్ళు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మేలు. ఇన్సులిన్ చాలనప్పుడు శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతైన శ్వాస, నోటినుండి పండ్ల వాసన దాని గుర్తులు. "వేడి చేసింది" అని ఇంట్లో కూర్చోరాదు. గంటల మీద ప్రాణానికి వస్తుంది, వెంటనే ఆసుపత్రికి పోవాలి. తినడంలేదు గదా అని ఇన్సులిన్ మానివేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఎంత వేయాలో డాక్టరును అడగండి.

మందును కాపాడుకోవడం కష్టమైన పని కాదు. మూత తీయని సీసా ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మంచుగడ్డ తయారయ్యే అరలోనూ, దానికి ఆనించీ పెట్టరాదు. గడ్డకట్టినా మందు చెడుతుంది. వాడుకలో ఉన్న సీసా చాలా రకాలకు 25, 30 డిగ్రీల లోపు నాలుగు వారాల వరకు పనికివస్తుంది. మీ మందు పెట్టె మీద ఏమి రాసి ఉందో చదువుకోండి. ప్రయాణంలో సీసాను మంచుకు నేరుగా తగలనీయకండి, గుడ్డలో చుట్టండి. డిక్కీలో, ఆటో ముందు అరలో, ఎండ పడే కిటికీలో వద్దు.

ఫ్రిజ్ లేని ఇల్లు ఏం చేయాలి? మన రంజన్ ఉన్నది గదా! పెద్ద కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, ఇసుకను రోజూ తడుపుతూ ఉండాలి. సీసాను నీరు చొరని డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచి, తడిగుడ్డ కప్పి, గాలి ఆడే నీడలో పెట్టాలి. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మన వైపు పొడి ఎండకు ఇది బాగా పనిచేస్తుంది. కెన్యా దేశంలోని దాదాబ్ శరణార్థుల శిబిరంలో రాత్రి 25, పగలు 37 డిగ్రీల మధ్య ఊగే వేడిలో ఇన్సులిన్ నాలుగు వారాలు బలం తగ్గకుండా ఉన్నదని సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి చేసిన పరిశోధనలో 2021లో తేలింది. అంటే ఫ్రిజ్ లేదని బీదవాడు నిరాశపడనక్కరలేదు. కాని 37 డిగ్రీల నీడ వేరు, మే నెల స్కూటరు డిక్కీ వేరు.

పరీక్ష చేసే యంత్రానికీ, పట్టీలకూ ఎండ పడదు. డబ్బా మూత గట్టిగా పెట్టండి. ఇంకొక మాట. మామిడిపండు ముట్టుకున్న చేతితో వేలు గుచ్చితే, అంటుకున్న రసానికే చక్కెర ఎక్కువ చూపిస్తుంది. చేతులు కడిగి, తుడిచి పరీక్ష చేయాలి.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018, 2019లలో మే నెలలోనే మొదలైంది. మొదటి రకం షుగర్ ఉన్నవారికి ఉపవాసం చాలా ప్రమాదమని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 మార్గదర్శకాలలో ఉన్నది. ఉండితీరాలనుకునేవారు నెలల ముందే డాక్టరును కలవాలి. చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలి. వ్యాధిగ్రస్తులకు మినహాయింపు మన ధర్మంలోనే ఉన్నది. పిల్లలు పట్టుబడితే పెద్దలు ప్రేమతో చెప్పాలి.

చివరగా సొసైటీకి నా మనవి మూడే. మన పెళ్ళిళ్ళలో షుగర్ ఉన్నవారికి భోజనం వేళకు పెట్టించాలి. మగపెళ్ళివారి రాకతో దానికి సంబంధం ఉండరాదు. ప్రతి దావత్‌లోనూ ఒక గ్లూకోజు పొట్లం అందుబాటులో ఉంచాలి. జబ్బు ఉన్న పిల్లల సంగతి బడిలో పంతుళ్ళకూ, దగ్గరి చుట్టాలకూ చెప్పాలి. ఆడపిల్ల అని దాస్తే, ఆపదలో ఆదుకునే చేతులను మనమే కట్టివేసినట్టు.

ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చాక మా మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని, తప్పు నాదని చెప్పి మన్నించమన్నాను. ఆమె "ఇప్పుడు ఒక పండు తినవచ్చా, నానా?" అని అడిగింది. డాక్టరుగారు చెప్పిన లెక్క ప్రకారం, సగం ముక్క నేనే కోసి ఇచ్చాను. ఈ మాటలు బయట చెప్పడానికి ఆమె అనుమతి తీసుకునే వచ్చాను. ఇక దాచవద్దని ఆమే అన్నది.