బొమ్మ కింద పేరేది?

(దళితవాడ సాయంత్రం సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మేం అయిదుగురం పింఛను కాగితాల పని మీద హైదరాబాదు వెళ్ళాం. పని తొందరగానే తెమిలింది. బస్సుకు ఇంకా పొద్దుంది. ఒక హాలు ముందు ‘నృత్య ఛాయాచిత్ర ప్రదర్శన, ప్రవేశం ఉచితం’ అని బట్ట కట్టి ఉంది. డప్పు కొట్టే పెద్దయ్య మా వెంట ఉన్నాడు. ‘ఆటల బొమ్మలంట, చూసి పోదాం పాండ్రి’ అన్నాడు. చెప్పులు విడవాల్నా వద్దా అని గుమ్మంలో కాసేపు తటపటాయించి లోపలికి పోయాం. అక్కడ చూసింది మీకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

గోడల నిండా పెద్ద పెద్ద ఫోటోలు. నేల వదిలి లేచిన పాదం, గజ్జెలు, తిప్పిన మెడ. బాగున్నాయి. బాగున్నదాన్ని బాగలేదనడం మన పద్ధతి కాదు. ప్రతి బొమ్మ కింద చీటీ ఉంది. కూచిపూడి బొమ్మ కింద ఆడినామె పేరు, గురువు పేరు, ఊరు, సంవత్సరం అన్నీ రాశారు. ఫోటో తీసినాయన పేరు సరేసరి.

చివరి గోడకు పోయాం. అక్కడున్నది మనోళ్ళు. ఒకటి ‘డప్పు నృత్యం’. ఒకటి ‘చిందు కళాకారులు’. ఇంకొకటి, మొహం నిండా పసుపు, జుట్టు విరబోసుకుని ఆడుతున్న ఆడమనిషి. దానికింద ‘పరవశం’ అని ఒక్క మాట. పేరు లేదు, ఊరు లేదు.

పెద్దయ్య డప్పు బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. అక్కడ కూర్చున్న పిల్లవాణ్ణి అడిగాడు: ‘ఈయన పేరేంది బిడ్డా?’ ‘జానపదం కదా తాతా, పేర్లుండవు’ అన్నాడు. ‘పేరు లేనోడు ఉంటడా?’ అని పెద్దయ్య మళ్ళీ బొమ్మకేసి చూసి నవ్వాడు. ‘సిర్ర కుడిచేతిల ఉండాలె, సిటికెన పుల్ల ఎడమచేతిల ఉండాలె. ఈడ ఉల్టా ఉన్నది. ఈయన ఎడమచేతి వాటపోడా అనుకున్న. అంగీ జేబు సుత కుడిపక్కకే ఉన్నది. బొమ్మనే తిరగేసిండ్రు!’

నిజమే. ఫోటోను తిరగేసి అచ్చు వేశారు. రోజూ ఎందరో చూసి పోతున్నారు, ఒక్కరికీ తెలియలేదు. అదే కూచిపూడి బొమ్మనో, వీణ పట్టిన బొమ్మనో తిరగేస్తే మొదటి రోజే గోల అయ్యేది కాదా? మన డప్పును చూడటానికి వచ్చారు గాని, మన డప్పు తెలిసినవాణ్ణి ఒక్కణ్ణి పిలిచి అడగలేదు.

ఇది ఈనాటి అలవాటు కాదు. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లీషువాళ్ళు ఈ దేశపు జనం ఫోటోలతో ఎనిమిది సంపుటాలు అచ్చు వేశారు. ఎక్కువ బొమ్మల కింద కులం పేరో తెగ పేరో ఉంటుంది గాని మనిషి పేరుండదు. దొరలు పోయారు. చీటీ మాత్రం అట్లనే ఉండిపోయింది.

ఆటల సంగతీ చూడండి. ఇప్పటి భరతనాట్యాన్ని అప్పట్లో సదిర్ అనేవారు. గుళ్ళకు అంకితం చేసిన ఆడవాళ్ళు తరతరాలుగా దాన్ని నిలబెట్టారు. 1930లలో అది కొత్త పేరుతో పై కులాల ఇళ్ళలోకి పోయింది. 1936లో మద్రాసులో రుక్మిణీదేవి కళాక్షేత్రం పెట్టారు. 1947లో మద్రాసు ప్రాంతంలో దేవదాసీ అంకితాన్ని చట్టం నిషేధించింది. నిషేధించవలసిందే. కానీ ఆట వేదికెక్కితే, ఆడిన తల్లుల్లో బాలసరస్వతి వంటి కొద్దిమంది పేర్లే మిగిలాయి.

ఇక ఆ ‘పరవశం’. మన జిల్లాల్లో జోగిని అన్నా, బసివి అన్నా, మాతమ్మ అన్నా మనకు తెలుసు అది ఏ పరవశమో. అట్లా విడిచిన పిల్లలు ఎక్కువమంది మన వాడల పిల్లలే. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి దాన్ని నేరమన్నది. ఆ ఆడమనిషి జోగిని అవునో కాదో మనకు తెలియదు. చీటీ రాసినవాళ్ళు అడిగారా? ఆమెను అడిగి ఫోటో తీశారా?

కాబట్టి మన ఆటలన్నీ గోడకెక్కితే చాలని మేం అనడం లేదు. పెద్దయ్య తండ్రి దొర ఇంట్లో చావుకు వెట్టికి డప్పు కొట్టాడు. కూలి అడిగితే తన్నారు. అదే డప్పు 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా అయి లేచింది. రెండుచోట్లా చెయ్యి అదే, తోలు అదే. ఏది వెట్టి, ఏది పోరాటం అన్నది బొమ్మ చెప్పదు. కింద రాసే మాటే చెప్పాలి. ఆ మాట మనమే రాయాలి.

రాస్తే పేరు నిలుస్తుంది. 2005లో చనిపోయిన నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మ పేరు నిలిచింది. చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఒకరిద్దరికి బిరుదులిచ్చి వాడలోని మిగతా వందమందిని ‘జానపదం’ అని చుట్టేస్తే ఒప్పుకుందామా?

సంఘం పిల్లలకు చెప్పేదిది. ఇయ్యాల ప్రతి ఇంట్లో ఫోనుంది, దాంట్లో కెమెరా ఉంది. డప్పు కొట్టే, చిందేసే, కోలాటమాడే పెద్దల్ని అడిగి ఫోటో తియ్యండి. పేరు, ఊరు, ఏ సందర్భం, ఏ సంవత్సరం, కూలి ఇచ్చారా లేదా, రాసుకోండి. అచ్చు వేయించి వెనక పెన్సిలుతో రాయండి. వద్దన్న ఆడబిడ్డను తియ్యకండి. వచ్చే ఏప్రిల్ 14కు ఆ బొమ్మలన్నీ మన అంబేద్కర్ భవనం గోడలకే కడదాం.

వచ్చేముందు ఆ హాల్లో అభిప్రాయాల పుస్తకంలో రాశాం: డప్పు బొమ్మ తిరగబడింది, సరిచేయండి; ఆ మనిషి పేరు కనుక్కొని రాయండి. అయిదుగురం సంతకాలు పెట్టాం.

మరి మీరు పెద్దయ్య పేరు చెప్పలేదేమని అడుగుతారు. ఆయనే వద్దన్నాడు. ‘నా పేరు నా బొమ్మ కిందనే రాయుండ్రి. ముందుగాల బొమ్మ తియ్యిండ్రి, సక్కగ’ అన్నాడు.

రేపు పొద్దున్నే ఆయనతోనే మొదలుపెడుతున్నాం. జై భీం!