కబురు ఒక అమానత్

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక.



కృష్ణానది సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ద్వీపం దివిసీమ. 1977 నవంబరు 19న తుపానుతో పాటు వచ్చిన ఉప్పెన ఆ సీమను ముంచెత్తింది. సుమారు 10,000 మంది మరణించారని ప్రభుత్వ లెక్క. స్తంభాలు కూలాయి, దారులు తెగిపోయాయి. ఏ పల్లె మిగిలిందో, ఎక్కడ ఎవరు ప్రాణాలతో ఉన్నారో బయటివారికి వెంటనే తెలియలేదు. దాహంతో అలమటించేవాడు ఎక్కడున్నాడో తెలియకపోతే నీళ్ళ కుండ ఎవరికి అందించగలం?

1990 మే 9న అదే కృష్ణా తీరాన్ని మరో తీవ్ర తుపాను తాకింది. అప్పటికి హెచ్చరిక ముందే చేరింది. లక్షకు పైగా ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించారు. మృతుల సంఖ్య 1,000 లోపే ఉంది. ఆ ప్రాణాలూ అమూల్యమైనవే. అయినా సకాలంలో అందిన కబురు, దానిని నమ్మి కదిలిన జనం ఎన్ని ఇళ్ళలో దీపం ఆరకుండా కాపాడారో ఆలోచించండి.

2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన తుపాను పేరు హుద్‌హుద్. ఒమన్ దేశం సూచించిన ఆ పేరు మనకు కొత్తది కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని సూరా అన్నమ్ల్ ఆ పక్షి వృత్తాంతాన్ని వినిపిస్తుంది. ప్రవక్త సులైమాన్ (అలైహిస్సలాం) పక్షులను పరిశీలించినప్పుడు హుద్‌హుద్ కనిపించలేదు. అది సబా దేశాన్ని స్వయంగా చూసి, రూఢియైన సమాచారంతో తిరిగి వచ్చింది. సులైమాన్ దానిని తోసిపుచ్చలేదు, విచారించకుండా అంగీకరించనూ లేదు. నిజమో కాదో తేల్చుకోవడానికి దాని చేతికే లేఖ ఇచ్చి పంపారు. అవతలివారు ఏమి బదులిస్తారో గమనించి రమ్మన్నారు.

సోదరులారా, కళ్ళతో చూసి చెప్పడం, విన్నదానిని విచారించడం, బదులు తిరిగి తీసుకురావడం: విపత్తు వేళ మన బాధ్యత అంతా ఈ మూడింటిలో ఉంది. భయాన్ని కలిగించే వార్తను విన్న వెంటనే వ్యాపింపజేయక, దానిని తేల్చగల బాధ్యుల వద్దకు తీసుకువెళ్ళాలని సూరా అన్నిసా 83వ ఆయత్ మనకు బోధిస్తుంది.

మన లాలాగూడ రైల్వే క్వార్టర్లలో, తార్నాక ఇళ్ళలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో కోస్తా జిల్లాలవారు ఎందరో ఉన్నారు. తుపాను వార్త రాగానే ఫోన్లలో పాత వరద చిత్రాలు, ఎవరు పలికారో తెలియని మాటలు తిరుగుతాయి. ఆ మాటను నమ్మి పడవ ఒక పల్లెకు వెళితే, నిజంగా ఆపదలో ఉన్న మరో పల్లె ఎదురుచూస్తూ ఉండిపోతుంది. హుద్‌హుద్ తుపానులో విశాఖలో ఫోన్లు రోజుల తరబడి సరిగా పనిచేయలేదు. కాబట్టి ఒక ఊరి నుండి ఏ పిలుపూ రాలేదంటే అక్కడ అంతా క్షేమమని భావించకండి. నోరు మూగబోయిన ఊరినే ముందుగా వెదకండి.

అందుచేత మస్జిద్‌లో ఒక పుస్తకం ఉంచుదాం. మన మొహల్లాలో ఎవరి బంధువులు ఏ తీర గ్రామంలో ఉన్నారో, మతభేదం లేకుండా, అందులో వ్రాసుకుందాం. అధికారుల కంట్రోల్ రూముతో మాట్లాడే బాధ్యతను ఒక్కరికే అప్పగిద్దాం. ప్రతి కబురు పక్కన చూసినవారి పేరు, స్థలం, సమయం వ్రాద్దాం. మైకులో చెప్పేది ఉర్దూలోనూ తెలుగులోనూ చెబుదాం. పొరుగువాని హక్కు భాష దగ్గర ఆగిపోదు. పది బృందాలు పది సార్లు వచ్చి ఒకే వితంతువును అవే ప్రశ్నలు అడిగి, ఫొటో తీసుకుని మళ్ళీ కనిపించకపోవడం సేవ అనిపించుకోదు. ఏమి పంపగలిగామో, ఏమి పంపలేకపోయామో వారికి తిరిగి తెలియజేయడం కూడా అమానతే.

ఓ అల్లాహ్! మా నాలుకలను సత్యంపై నిలుపు. ఆపదలో ఉన్నవారి మొర మా చెవులకు చేర్చు. చేరిన మొరను మోసే శక్తిని మాకు ప్రసాదించు. దివిసీమలోనూ, ప్రతి తీరంలోనూ ప్రియమైనవారిని కోల్పోయిన వారికి ఓదార్పునివ్వు. ఆమీన్.