అప్పడాల కర్ర పట్టిన గూఢచారి

పరిచయంలో నా గురించి చెప్పినవాటిలో సగం నిజం, మిగతా సగం వినడానికి బావుంది. రెంటికీ కృతజ్ఞుణ్ణి. ఉక్కగా ఉంది, శాలువా కుర్చీ మీద పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. పూలగుత్తి మాత్రం చేతిలోనే ఉంచుకుంటాను, దానితో కాసేపట్లో పనుంది.

గేములు తయారుచేసే కుర్రకారు రేడియో నాటకాలు రాసుకున్న ముసలివాణ్ణి పిలిచి ‘సైకోనాట్స్’ మీద మాట్లాడమన్నారంటే, ఆ గేము గొప్పదని ఈ హాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదన్నమాట. మా మనవరాలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను, కొంత నేనూ ఆడాను. ఆహ్వాన పత్రికలో మూడు అంశాలు వేశారు: కథ, తయారీ, విమర్శకుల మాట. ఆ వరసలోనే వెళ్దాం.

కథ మీకు తెలిసిందే. రాజ్‌పుటిన్ అక్వాటో, అందరికీ రాజ్, పదేళ్ల సర్కస్ కుర్రాడు. ఇల్లు వదిలి సర్కస్‌లో చేరిన పిల్లల కథలు బోలెడు విన్నాం. వీడు సర్కస్ వదిలి వేసవి శిబిరంలో చేరతాడు. విస్పరింగ్ రాక్ అనే ఆ శిబిరంలో మనశ్శక్తులున్న పిల్లలకు చదువు చెబుతారు. చూపుతో నిప్పు పెట్టడం, గాల్లో తేలడం, ఎదుటివాళ్ల మనసులోకి దూరడం అక్కడి పాఠాలు. చెప్పే టీచర్లంతా సైకోనాట్లు, అంటే జనం మనసుల్లోకి వెళ్లి పనిచేసే గూఢచారులు. ఇంతలో శిబిరంలో పిల్లల మెదళ్లు మాయమవుతాయి. లొబోటో అనే పళ్ల డాక్టరు ముక్కులోకి పొడి కొడతాడు, పిల్లవాడు తుమ్ముతాడు, మెదడు బయటికొస్తుంది. అంతే ఆపరేషన్. ఆ మెదళ్లను యుద్ధ ట్యాంకుల్లో పెట్టి ప్రపంచాన్ని జయిద్దామనుకున్నవాడు ఎవరయ్యా అంటే, శిబిరం కోచ్ ఒలియాండర్.

సర్కస్ కుటుంబం అనగానే నాకు సురభి వాళ్లు గుర్తొస్తారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ నాటక సమాజం వాళ్లది. అక్కడ పుట్టిన పిల్లకి బడి కంటే ముందు స్టేజీ తెలుస్తుంది. ఆ భీముడి చేతిలో గద చూశారా? లోపల బోలు. దాన్ని బరువుగా మోయడం నటుడి పని. ఇవాళ నాటక పరిషత్తు పోటీలకు వెళ్తే ఏ పాత్ర చేతిలో చూసినా సెల్‌ఫోనే. తండ్రి చేతిలో ఫోను, కొడుకు చేతిలో ఫోను, దొంగ చేతిలో కూడా ఫోనే. ప్రాపర్టీ అనే శాఖ ఒకటుండేదని చెబితే నవ్వుతారు. డైలాగు వదలడం, చప్పట్ల కోసం ఆగడం, మళ్లీ డైలాగు. హాస్యం మొత్తం నోట్లోకి చేరింది, చేతులు ఖాళీ అయిపోయాయి.

ఇది పక్కదారి కాదు. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది.

సైకోనాట్స్‌లో నవ్వు ఆటగాడి చేతిలోంచి పుడుతుంది. చిన్న ఉదాహరణ. ప్లాట్‌ఫాం గేముల్లో హీరోకి ఈత రాదు, నీళ్లలో పడితే పోయినట్టే. ఎందుకు రాదో ఎవరూ అడగరు, అదో ఆనవాయితీ. ఈ గేము తయారుచేసిన టిమ్ షేఫర్ బృందం దానికి ఒక శాపం అల్లింది. గలోకియోలు అనే వంశం అక్వాటో వంశానికి జలగండం పెట్టింది. రాజ్ నీళ్ల దగ్గరికి వెళ్తే చాలు, నీళ్లలోంచి పెద్ద చెయ్యి లేచి లోపలికి లాగుతుంది. ఆట నియమమే కథ, కథే హాస్యం. దీనికి ఒక్క డైలాగైనా కావాలా?

ఇక అసలు ముచ్చట. శిబిరం చెరువుకి అవతల పాడుబడ్డ పిచ్చాసుపత్రి ఉంది. మాయమైన మెదళ్ల కోసం రాజ్ అక్కడికి వెళ్తాడు. గేటు దగ్గర బాయిడ్ కూపర్ అనే కాపలావాడు. లోకమంతా కుట్ర అని వాడి నమ్మకం. పాలవాడు వస్తాడు, పాలవాడు ఎక్కడ, ఇదే వాడి జపం. గేటు తీయాలంటే రాజ్ వాడి మనసులోకి దూరాలి.

దూరితే ఏముంటుంది? శుభ్రమైన అమెరికన్ వీధి. వరసగా ఇళ్లు, ముందు పచ్చిక, పోస్టు డబ్బాలు. కానీ వీధి ఉన్నట్టుండి మెలితిరిగి ఆకాశంలోకి లేస్తుంది. తల ఎత్తి చూస్తే మన నెత్తి మీద ఇంకో వీధి తలకిందులుగా వేలాడుతుంది. డబ్బాల్లోంచి, పొదల్లోంచి కెమెరాలు తొంగి చూస్తుంటాయి. వీధి నిండా టోపీలు, పొడుగాటి కోట్లు వేసుకున్న మనుషులు. అందరూ గూఢచారులేనని చంటిపిల్లకైనా తెలుస్తుంది. కానీ ఒకడి చేతిలో రోడ్డు పనివాళ్ల ‘ఆగుము’ బోర్డు. కాబట్టి వాడు రోడ్డు పనివాడు. ఇంకొకడి చేతిలో పైపు పూడుకుపోతే కొట్టే రబ్బరు పంపు. వాడు మురుగు కాల్వల పనివాడు. ఇంకొకడు అదే కోటులో, అదే మగ గొంతుతో, అప్పడాల కర్ర పట్టుకుని నిలబడతాడు. వాడు గృహిణి! తన వంట గురించి ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒకే స్వరంలో చెబుతాడు. ముఖంలో కండరం కదలదు.

నవ్వుతున్నారు, సంతోషం. మన హాస్యంలో అప్పడాల కర్ర ఎన్నేళ్లుగానో మొగుడి నెత్తి మీద కొట్టడానికే తప్ప పనికిరాలేదు. పాత వారపత్రికల కార్టూన్ల నుంచి నిన్నటి టీవీ స్కిట్ వరకు ఆ ఒక్క దెబ్బే. ఇక్కడ ఆ కర్ర ఎవర్నీ కొట్టదు. ఊరికే చేతిలో ఉంటుంది, మనిషి మారిపోతాడు.

రాజ్ కూడా అంతే చేయాలి. రోడ్డు పని జరిగే చోటికి వెళ్లాలంటే బోర్డు పట్టుకోవాలి. శ్మశానంలోకి వెళ్లాలంటే పూలు పట్టుకోవాలి. ఇదిగో, నిర్వాహకులు నాకిచ్చిన ఈ పూలగుత్తితో ఆ వీధిలోకి వెళ్తే నన్నెవరూ ఉపన్యాసకుడు అనరు, పోయినవారి తాలూకు చుట్టం అంటారు. చేతిలోది సరిపోతే పదేళ్ల కుర్రాణ్ణి కూడా ఆ గూఢచారులు తమలో ఒకడనుకుంటారు. చేతిలోది మారితే వెంటనే అనుమానం. దీనికి తోడు రాజ్‌కి ఇంకో విద్య వస్తుంది, ఎదుటివాళ్ల కళ్లలోంచి చూడటం. ఒక్కొక్కరి కంటికి వాడు ఒక్కొక్క రకంగా కనిపిస్తాడు. నాటక ప్రయోగం మీద పుస్తకం రాస్తే ఎన్ని పేజీలు పట్టే సంగతి ఇది! ఈ గేము కథ షేఫర్, ఎరిక్ వోల్‌పా కలిసి రాశారు. ఈ సంగతంతా ఆటగాడి వేలికింద ఒక మీటలో పెట్టారు.

ఎవరిదో ఫోను మోగుతోంది. మాట్లాడండి బాబూ, పరవాలేదు. మీరూ పాత్రలోనే ఉన్నారు.

మిల్లా గురించి చెప్పకపోతే మనవరాలు ఊరుకోదు. మిల్లా వొడెల్లో టీచరమ్మ మనసు రంగుల దీపాల నాట్యశాల. పాట, గంతులు, గాల్లో తేలడం. ఒక మూలన చిన్న గది ఉంది, చాలామంది చూడకుండా దాటిపోతారు. వెళ్లి చూస్తే తెలుస్తుంది, ఆవిడ అనాథ పిల్లల్ని పెంచేది, ఆ ఇల్లు తగలబడింది. మళ్లీ బయటికొస్తే నాట్యం సాగుతూనే ఉంటుంది. ఇది చూడండి అని వేలు పెట్టి చూపించరు, సానుభూతి సంగీతం పెట్టరు. మన స్కిట్లలో అయితే ఈపాటికి వయొలిన్ మొదలయ్యేది.

అధ్యక్షుల వారు గడియారం చూసుకున్నారు. రెండో అంశం, తయారీ. షేఫర్ లూకస్ ఆర్ట్స్‌లో ‘గ్రిమ్ ఫాండాంగో’ లాంటివి చేసి, 2000లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డబుల్ ఫైన్ పెట్టాడు. మైక్రోసాఫ్ట్ మొదట డబ్బు పెట్టి, 2004లో చేతులు దులుపుకుంది. మజెస్కో అనే కంపెనీ తీసుకుని 2005 ఏప్రిల్‌లో విడుదల చేసింది. బొమ్మల తీరు స్కాట్ క్యాంప్‌బెల్‌ది, సంగీతం పీటర్ మెక్‌కానెల్‌ది. రాజ్ గొంతు రిచర్డ్ హోర్విట్జ్‌ది. పదేళ్ల కుర్రాడి మాట పెద్దవాడు పలికితే రేడియోలో మేము కూడా చెవులు రిక్కించేవాళ్లం. దానికి వేరే ఉపన్యాసం కావాలి, ఇక్కడ ఆపేస్తాను.

మూడోది, విమర్శకులు. మెచ్చుకున్నారు. మెటాక్రిటిక్ సగటు ఎక్స్‌బాక్స్‌లో వందకి 88. రచనకి, ఊహకి, వింత బొమ్మలకి మార్కులు పడ్డాయి. కెమెరా తిప్పడం ఇబ్బంది అన్నారు, గెంతడంలో గురి చాలదన్నారు. నిజమే. 2006లో బాఫ్టా వాళ్లు ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి ఇచ్చారు. జనం మాత్రం కొనలేదు. ఆ ఏడాది చివరికి అమెరికాలో లక్ష కాపీలైనా పోలేదు. మజెస్కో లెక్కలు తలకిందులై దాని అధిపతి దిగిపోయాడు. మంచి నాటకానికి ఖాళీ కుర్చీలు మనకు కొత్తా? 2011లో హక్కులు డబుల్ ఫైన్ చేతికి తిరిగొచ్చాయి. వాళ్లే చవగ్గా అమ్ముకుంటే మొత్తం అమ్మకాలు పదిహేను లక్షలు దాటాయి. రెండో భాగానికి అభిమానులే చందాలు వేసుకుని 38 లక్షల డాలర్లు పోగుచేశారు, 2021 ఆగస్టులో వచ్చింది. ఈలోగా 2019లో డబుల్ ఫైన్‌ని ఎవరు కొన్నారంటారా? అదే మైక్రోసాఫ్ట్.

ఒక తగవు మిగిలింది. చివరి ఘట్టం, మాంసపు సర్కస్. కసాయి కొట్లో పెరిగిన కోచ్ మనసు, సర్కస్‌లో పెరిగిన రాజ్ మనసు కలిసిపోయిన చోటు. అది మరీ కష్టమని అప్పట్లో చాలామంది తిట్టారు. 2011లో దాన్ని తేలిక చేశారు. నా మాట అడిగితే అలా చేయకూడదు. తండ్రికి భయపడే పిల్లవాడి మనసులో మెట్లు సులువుగా ఎలా ఉంటాయి? మూడో వరసలో కళ్లజోడు అబ్బాయి తల అడ్డంగా ఊపుతున్నాడు. బాబూ, కింద టీ పెట్టారట, అక్కడ నీ వాదన వింటాను. అధ్యక్షుల వారూ, మైకు తమది.