మంచు మీద ఏ ఉప్పు చల్లాలి?



తుగ్గలిలో కూర్చుని మంచుగడ్డల గురించి మాట్లాడుకోవడమేమిటని మీకు నవ్వు రావచ్చు. ఎండాకాలం వచ్చిందంటే నలభై డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. మంచు అంటే మనకు పుష్యమాసంలో తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకునే పొగమంచే. కానీ ఇవాళ ఆదోనిలో గానీ, ఎమ్మిగనూరులో గానీ నాలుగు వీధులు తిరిగితే పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్న ఇల్లు తగలకపోదు. కూతురికో కోడలికో పురుడని తల్లులు విమానమెక్కుతున్నారు. పురుళ్లు చలీ ఎండా చూసుకుని రావు కదా!

బయల్దేరేటప్పుడు కారప్పొడులు, ఊరగాయలు, బాలింతకు కావలసిన సొంఠి, వాము అన్నీ సర్దుకుంటాం. అక్కడ గడప దాటితే నేల ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. పాచి పట్టిన బేతంచెర్ల బండ మీద అడుగు ఎలా పడుతుందో మీకు తెలుసు. పాచి కంటికి కనబడుతుంది, జాగ్రత్త పడతాం. అక్కడ నేల మీద పలుచగా పేరుకున్న ఐసు అద్దంలా ఉండి, ఉత్త తడిలాగే కనిపిస్తుంది. దాన్ని ‘బ్లాక్ ఐస్’ అంటారు. దాని మీద జారి తుంటి ఎముక విరిగిందనుకోండి, చేయడానికి వెళ్లిన మనకే బాలింత చేయాల్సి వస్తుంది. అందుకని ఆ ఐసును కరిగించే ఉప్పుల సంగతి ఈ రోజు కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఉప్పుకు ఐసు ఎందుకు కరగాలి? కుల్ఫీ అమ్మే అతను కుండలో ఐసు ముక్కలు వేసి, వాటి మీద రాళ్లుప్పు చల్లడం చూసే ఉంటారు. ఉప్పు తగిలిన ఐసు కరుగుతూ, సున్నా డిగ్రీల కంటే కిందికి చల్లబడుతుంది. ఆ చలికే డబ్బాలోని పాలు గడ్డకడతాయి. మంచినీళ్లు సున్నా దగ్గర గడ్డకడితే, ఉప్పునీళ్లు గడ్డకట్టాలంటే ఇంకా చలి కావాలి. వాకిట్లో పని చేసేదీ ఈ సూత్రమే. అయితే ఒక్కో ఉప్పుకు ఒక్కో హద్దుంది. ఆ హద్దు తెలియక మూటలు మూటలు గుమ్మరించినా ఐసు కదలదు.

అందుచేత అంగడిలో సంచి ముందువైపు బొమ్మ చూసి మోసపోకండి. వెనక వైపు ఏ పదార్థముందో చదవండి, లేదా పిల్లలతో చదివించుకోండి. ముఖ్యంగా మూడు పేర్లు కనిపిస్తాయి.

మొదటిది సోడియం క్లోరైడ్. మన వంటింటి ఉప్పే, కాకపోతే శుద్ధి చేయని ముతక ఉప్పు. అన్నిటికంటే చౌక. అక్కడి లెక్కలో 15 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో సున్నాకు 9 డిగ్రీలు తక్కువ దాకా బాగా పని చేస్తుంది. అంతకంటే చలి ముదిరితే దాదాపు దండగే.

రెండోది మెగ్నీషియం క్లోరైడ్. ఇది సున్నా ఫారన్‌హీట్ దాకా, అంటే మన మైనస్ 18 దాకా ఉపయోగపడుతుంది.

మూడోది కాల్షియం క్లోరైడ్. మైనస్ 20 ఫారన్‌హీట్, అంటే మన మైనస్ 29 వరకు తట్టుకుంటుంది. తడి తగలగానే వేడి పుట్టడం దీని గుణం, అందుకే త్వరగా కరిగిస్తుంది. అదే గుణం వల్ల తడిచేత్తో పట్టుకుంటే చర్మం మండుతుంది. చేతికి తొడుగు లేకుండా ముట్టకండి, పసిపిల్లలకు అందనివ్వకండి. ఖరీదూ ఎక్కువే. కాబట్టి మామూలు చలికి మొదటిది, గడ్డు చలికి మూడోది అని గుర్తు పెట్టుకుంటే చాలు.

కొన్ని సంచుల్లో యూరియా ఉంటుంది. అవును, మనం పొలానికి వేసే యూరియానే. గట్టి చలిలో అది పనికిరాదు. అమ్మోనియం ఉన్న ఎరువులైతే కాంక్రీటును తినేస్తాయి, వాటి జోలికి పోవద్దు.

చలి చూసుకున్నాక నేలను చూడాలి. కాంక్రీటు వేసి ఏడాది నిండకపోతే ఏ ఉప్పూ వద్దు. కరిగిన నీరు సన్న రంధ్రాల్లోకి దిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టి ఉబ్బుతుంది. దాంతో పైపొర పెచ్చులుగా లేస్తుంది. అటువంటి చోట, చెక్కమెట్ల మీద ఇసుక చల్లండి. ఇసుక ఐసును కరిగించదు గానీ కాలికి పట్టునిస్తుంది. వేడినీళ్లు పోస్తే పోలేదా అనుకుంటారేమో! ఆ నీళ్లే కాసేపటికి మరింత నున్నటి ఐసు అవుతాయి.

ఎంత చల్లాలి? ముందు పారతో మంచు తీసేయించి, మిగిలిన పలుచని ఐసు మీదే చల్లాలి. చికాగో వంటి నగరాల్లో ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయడం ఇంటివాళ్ల బాధ్యతని నిబంధనే ఉంది. ఆ పార పని అల్లుడికో కొడుక్కో వదిలేయండి. చలిలో బరువైన మంచు ఎత్తడం గుండెకు శ్రమ. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. పది పలకల కాలిబాటకు పెద్ద కాఫీ కప్పు నిండా ఉప్పు సరిపోతుంది. ముగ్గు వేసినట్టు ధారగా పోయనక్కర్లేదు, గింజకూ గింజకూ ఎడం ఉండేలా విత్తనం చల్లినట్టు చల్లాలి. ఐసు కరిగాక మిగిలిన ఉప్పును ఊడ్చి డబ్బాలో దాచుకుంటే మళ్లీ పనికొస్తుంది.

ఈ పొదుపు డబ్బు కోసమే కాదు. చల్లిన ఉప్పు ఎక్కడికీ పోదు, కరిగి చెరువుల్లోకి, నేలలోకి దిగుతుంది. ఒక్క చెంచా ఉప్పు ఐదు గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్ల నీటిని పాడు చేస్తుందని అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ చెబుతోంది. చవుడెక్కిన నేలలో ఏమీ మొలవదని మనకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ ఇంటి ముందు గులాబి మొక్కకూ అదే గతి పడుతుంది. కుక్కపిల్లల పాదాలకు కూడా ఉప్పు మంట పెడుతుంది. బయట తిరిగి వచ్చాక గోరువెచ్చని నీళ్లతో కడగమనండి.

మరొక్క మాట. గడప లోపల పాత పట్టా ఒకటి పరిచి, బూట్లు అక్కడే విడిచేలా అలవాటు చేయండి. బూట్లకంటిన ఉప్పు చెక్కనేల మీద తెల్లని మరకలు కడుతుంది. కాస్త వెనిగరు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి తుడిస్తే పోతుంది. ఇక మన హవాయి చెప్పులు సూట్‌కేసులోనే ఉండనివ్వండి. అడుగున గాళ్లున్న బూట్లు కొనివ్వమని అడగడానికి మొహమాటపడకండి. చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ, కమ్మీ పట్టుకుని మెట్లు దిగండి.

మీలో ఎవరైనా ఈ చలికాలం ప్రయాణమవుతుంటే, ఇంట్లో ఏ ఉప్పు ఉందో, వాకిలి కాంక్రీటు వేసి ఎన్నాళ్లయిందో ఇప్పుడే ఫోన్లో అడిగి కనుక్కోండి. మంచు పడ్డాక అంగళ్లకు పరుగెత్తితే సంచులు దొరకవు. క్షేమంగా వెళ్లి, మనవణ్ణో మనవరాలినో ఎత్తుకుని, క్షేమంగా రండి.

సెలవు.